ఎండకూ మంచుకూ ఓర్చిన రబ్బరు: చార్లెస్ గుడ్‌ఇయర్

మే నెల మధ్యాహ్నం మియాపూర్ కూడలి దాటి పటాన్‌చెరు వైపు సాగే ముంబయి రహదారి నిప్పులు చెరుగుతుంది. ఆ పేటనుండి అమెరికా చేరిన యువకులో, జనవరిలో మంచు గడ్డకట్టిన బాటలమీద కార్లు నడుపుతారు. రెండు చోట్లా బండికీ నేలకూ గల సంబంధమంతా ఒక్కొక్క టైరు కింద అరచేతి మేర రబ్బరు మాత్రమే. దానిని ఎండకు కరగకుండా, చలికి పెళుసుబారకుండా చేసినవాడు చార్లెస్ గుడ్‌ఇయర్.

అతడు 1800 డిసెంబరు 29న అమెరికాలోని న్యూహేవెన్ నగరంలో జన్మించినాడు. ఫిలడెల్ఫియాలో ఇనుపసామాను అంగడి పెట్టి దివాలా తీసినాడు. ఆ ఋణాలు జీవితాంతం అతనిని విడువలేదు. పలుమార్లు చెరసాలకు పోయినాడు. రబ్బరుతో తొలి ప్రయోగాలు కొన్ని అక్కడనే జరిగినవి.

ఆనాడు రబ్బరు వస్తువులు వేసవిలో జిగురై దుర్గంధం కొట్టేవి. శీతకాలంలో రాయివలె బిగిసి పగిలేవి. ప్రభుత్వం టపా సంచులు చేయుమని గుడ్‌ఇయర్‌ను కోరినది. చేసి ఇచ్చిన సంచులు ఎండకు కరిగిపోయినవి. పరువు పోయినది, ఇల్లు గడవడం కష్టమైనది. పిల్లల పాఠ్యపుస్తకాలను సైతం అమ్మవలసి వచ్చినది.

నతేనియల్ హేవర్డ్ అనే పనివాడు రబ్బరులో గంధకం కలిపే పద్ధతిని కనిపెట్టగా, గుడ్‌ఇయర్ దాని హక్కులు కొన్నాడు. 1839లో వోబర్న్ గ్రామంలో అట్టి మిశ్రమం వేడి పొయ్యికి తగిలి, కరుగుటకు బదులు తోలువలె మాడినది. మాడిన అంచున మెత్తగా సాగే భాగం కనిపించినది. దీనిని అదృష్టమని చెప్పి ముగించడం పరిపాటి. అది న్యాయం కాదు. ఎంత వేడి, ఎంతసేపు అన్నది తేల్చుటకు ఏండ్లు పట్టినవి. వేడి చాలకున్న జిగురు పోదు, మించిన బొగ్గవుతుంది. పేటెంటు లభించినది 1844 జూన్ 15న. జారిపోయే రబ్బరు అణువుల గొలుసులను గంధకం వంతెనలవలె ముడివేస్తుందని శాస్త్రజ్ఞులు గ్రహించినది చాలాకాలం తరువాత.

ఇంగ్లండులో థామస్ హాన్‌కాక్ ముందుగా పేటెంటు పొందినందున అక్కడి లాభం దక్కలేదు. 1855లో ఫ్రాన్సు గౌరవపతకం గుడ్‌ఇయర్‌ను చేరినది పారిస్ నగరపు ఋణగ్రస్తుల చెరలోనే.

గంధకపు ముడి సర్వరోగ నివారిణి మాత్రం కాదు. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టుకూ అధికంగా నలిగి, వేడెక్కి, రహదారిమీద పగిలే ప్రమాదం కలదు. అందుచేతనే ప్రయాణానికి ముందు, టైరు చల్లగా ఉండగా గాలి కొలవాలి. కార్ల టైర్లకు మన నిబంధనలు కోరే గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు, గాడులు అరిగితే వాననీరు పోవుటకు దారి ఉండదు. సుమారు 7 డిగ్రీలకు దిగువన సాధారణ టైరు బిగిసి పట్టు కోల్పోతుంది. కనుక శీతల దేశాలలో చలికి మెత్తగా ఉండే వేరు రబ్బరుతో చేసిన టైర్లు వేసుకుంటారు.

గుడ్‌ఇయర్ 1860 జులై 1న న్యూయార్కులో మరణించినాడు. మిగిలిన అప్పు సుమారు 2 లక్షల డాలర్లు. గాలి నింపిన టైరుకు డన్లప్ పేటెంటు పొందినది 1888లో, అనగా మరి 28 ఏండ్లకు. 1898లో ఆక్రన్ నగరంలో ఒక టైర్ల కంపెనీ అతని పేరు పెట్టుకున్నది. గుడ్‌ఇయర్ కుటుంబానికి దానిలో ఏ సంబంధమూ లేదు.