లాలా అమర్‌నాథ్

లాలా అమర్‌నాథ్ (సెప్టెంబర్ 11, 1911 - ఆగష్టు 5, 2000) భారతదేశపు ప్రముఖ క్రికెట్ క్రీడాకారుడు. టెస్ట్ క్రికెట్‌లో భారత్ తరఫున మొట్టమొదటి శతకం సాధించినవాడు ఇతడే. స్వతంత్ర భారత జట్టుకు తొలి నాయకుడు కూడా. క్రమశిక్షణ పేరుతో రెండు పర్యాయాలు శిక్షకు గురై, రెండుసార్లూ తిరిగి జట్టులో స్థానం సంపాదించాడు.

తొలి జీవితం

పంజాబ్‌లోని కపుర్తలాలో జన్మించాడు. 1933 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో ఇంగ్లాండుపై ఆడిన తొలి టెస్టు రెండో ఇన్నింగ్సులో 118 పరుగులు చేశాడు.

1936 ఇంగ్లాండు పర్యటన

ఈ పర్యటనలో జట్టు నాయకుడు విజ్జీగా పేరొందిన విజయనగరం మహారాజకుమార్, మేనేజరు మేజర్ బ్రిటన్-జోన్స్. లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్‌తో జరిగిన ఆటలో అమర్‌నాథ్‌ను ప్యాడ్లు కట్టుకొని సిద్ధంగా ఉండమని చెప్పి, ఇతరులను ముందుగా బ్యాటింగుకు పంపించారు. ఆట ముగిశాక అతడు డ్రెస్సింగ్ రూములో కోపంతో పంజాబీలో మాట్లాడాడు. దీనిని అవిధేయతగా పరిగణించి, మొదటి టెస్టుకు ముందే స్వదేశానికి పంపివేశారు. అప్పటికి ఆ పర్యటనలో అతడు 600కు పైగా పరుగులు చేసి, 30కి పైగా వికెట్లు పడగొట్టాడు.

క్రికెట్ బోర్డు ఈ వివాదంపై బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ అధ్యక్షతన విచారణ సంఘాన్ని నియమించింది. 1937 జనవరిలో వెలువడిన నివేదిక అమర్‌నాథ్‌ను చాలావరకు నిర్దోషిగా పేర్కొని, విజ్జీ నాయకత్వాన్ని తప్పుపట్టింది. అయితే పర్యటన అప్పటికే ముగిసిపోయింది. శిక్ష ముందు అమలై, విచారణ తరువాత జరగడం వలన కోల్పోయిన మూడు టెస్టులు అతనికి తిరిగి దక్కలేదు. రెండవ ప్రపంచ యుద్ధం కూడా తోడై, 1934 ఫిబ్రవరి తరువాత తదుపరి టెస్టు 1946 జూన్‌లో గాని ఆడలేకపోయాడు.

నాయకత్వం, 1949 సస్పెన్షన్

1947-48లో ఆస్ట్రేలియా పర్యటనకు నాయకత్వం వహించాడు. బ్రిస్బేన్ టెస్టులో అతని బౌలింగులో డాన్ బ్రాడ్‌మన్ హిట్ వికెట్‌గా అవుటయ్యాడు. బ్రాడ్‌మన్ టెస్టు జీవితంలో ఇలా అవుటవడం ఇదొక్కసారే.

1949 ఏప్రిల్‌లో దుష్ప్రవర్తన, క్రమశిక్షణారాహిత్యం కారణాలుగా చూపి బోర్డు అతనిని సస్పెండ్ చేసింది. బోర్డు అధ్యక్షుడు ఆంథొనీ డి మెల్లో 23 ఆరోపణలు మోపగా, అమర్‌నాథ్ వాటిని బహిరంగంగా ఖండించాడు. ఆరోపణ చేసినదీ, శిక్ష విధించినదీ ఒకే సంస్థ కావడం ఈ వివాదంలో ముఖ్యాంశం. తరువాత సస్పెన్షన్ తొలగినా నాయకత్వం వెంటనే తిరిగి రాలేదు. 1951-52లో ఇంగ్లాండుపై విజయ్ హజారే నాయకత్వంలో మూడు టెస్టులు ఆడాడు. డి మెల్లో 1951లో అధ్యక్ష పదవిని కోల్పోయాడు.

పునరాగమనం

1952లో మళ్ళీ నాయకుడై పాకిస్తాన్‌పై 2-1 తేడాతో భారత్‌కు తొలి టెస్టు సిరీస్ విజయం సాధించిపెట్టాడు. మొత్తం 24 టెస్టులలో 878 పరుగులు, 45 వికెట్లు సాధించాడు. అనంతరం సెలెక్షన్ కమిటీ అధ్యక్షుడిగా పనిచేశాడు. 1991లో పద్మభూషణ్, 1994లో తొలి సి.కె.నాయుడు జీవిత సాఫల్య పురస్కారం లభించాయి. కుమారులు సురీందర్, మొహీందర్ కూడా టెస్టు క్రీడాకారులు. 2000లో ఢిల్లీలో మరణించాడు.