సేవచేసే చేతులకూ విశ్రాంతి కావాలి

నెల మొదటి శుక్రవారం మంచాన పడినవారికి దివ్యసత్ప్రసాదం తీసుకొని వెళ్ళినప్పుడు అందరమూ రోగిని పలకరిస్తాము. తలుపు ప్రక్కన నిలబడిన కోడలినో, కూతురినో రాత్రి నిద్ర పట్టిందా అని అడిగేవారు అరుదు. ఒకనాడు అలా అలసి నిలబడిన ఒక ఇల్లాలు తరువాత పునీతురాలయ్యారు. ఆమే పునీత లూయిస్ ద మరిలాక్.

లూయిస్ 1591 ఆగస్టు 12న ఫ్రాన్సు దేశంలో జన్మించారు. తల్లి ప్రేమ ఎరుగరు. 1604లో తండ్రి కూడా మరణించారు. కన్యాస్త్రీ కావాలని ఆశించారు గాని, ఆరోగ్యం చాలదని మఠంవారు చేర్చుకోలేదు. 1613లో రాణిగారి కార్యదర్శి ఆంత్వాన్ ల గ్రాతో వివాహమైంది. ఆ ఏడాదే మిషెల్ అనే కుమారుడు పుట్టాడు.

కొన్నేళ్ళకు భర్త దీర్ఘవ్యాధి పాలయ్యారు. జబ్బుతోపాటు ఆయనకు కోపమూ పెరిగింది. భర్తకు సేవ, బిడ్డ పెంపకం, ఇంటి బరువు అన్నీ కలిసి లూయిస్ మనస్సును క్రుంగదీశాయి. తాను కన్యాస్త్రీ కానందుకే దేవుడు శిక్షిస్తున్నాడని అనుకున్నారు. భర్తను విడిచి వెళ్ళాలా అన్న ఆలోచన కూడా వచ్చింది. చివరకు ఆత్మకు చావు లేదన్న సత్యాన్ని సైతం సందేహించారు. ఆమెకు భక్తి తక్కువై ఇలా జరగలేదు. అలసట పాపం కాదు.

1623 పెంతెకోస్తు పండుగనాడు పారిస్ నగరంలో దేవాలయంలో ఉండగా ఆమెకు వెలుగు దొరికింది. భర్త చెంతనే ఉండాలని నిశ్చయించుకొని, 1625 డిసెంబరు 21న ఆయన కన్నుమూసేవరకు సేవచేశారు.

ఆ కాలంలోనే పునీత విన్సెంట్ డి పాల్ గురువులు ఆమెకు ఆత్మీయ మార్గదర్శి అయ్యారు. అంతకుముందు, 1617లో, ఆయన షతియోఁ అనే ఊరిలో విచారణ గురువుగా ఉన్నప్పుడు ఒక కుటుంబమంతా జబ్బుపడింది. ఆయన ప్రసంగం విని ఊరంతా ఒకేరోజు ఆహారం మోసుకెళ్ళింది. ఈరోజు మిగిలి పాడైపోతుంది, రేపు పస్తు తప్పదు అని గ్రహించి, స్త్రీలను సంఘంగా కూర్చి రోజుకొకరు చొప్పున వంతులు ఏర్పరచారు. 1629 నుండి లూయిస్ అటువంటి సంఘాలను దర్శించి బలపరచారు. 1633లో వారిద్దరూ కలిసి ప్రేమపుత్రికల సభను స్థాపించారు. ఆరోగ్యం చూసుకొమ్మని విన్సెంట్ గారు ఆమెకు పదే పదే లేఖలు వ్రాసేవారు. ఆమె 1660 మార్చి 15న పరమపదించారు. 1934లో పునీతురాలిగా ప్రకటింపబడ్డారు.

ప్రియ సోదరీ సోదరులారా, జాలికి వంతు తోడైతేనే సేవ నిలుస్తుంది. పట్నం నుండి డబ్బు పంపే అన్నదమ్ములు నెలకు నాలుగు రోజులైనా వచ్చి తల్లిదండ్రుల మంచం ప్రక్కన పడుకోండి. విన్సెంట్ డి పాల్ సభ్యులు, మరియదళం వారు ఆదివారం రెండు గంటలు రోగి దగ్గర కూర్చోండి. ఆ కోడలు పూజకు వచ్చి వెళుతుంది, లేదా హాయిగా నిద్రపోతుంది. సేవచేసే తల్లులారా, మీరూ సాయం అడగడానికి సిగ్గుపడవద్దు. ఒంటరిగా మోయమని దేవుడు మిమ్ములను అడగలేదు.