యంత్రాన్ని గురువుగా చేసుకొన్న జి.డి. నాయుడు

కోయంబత్తూరు సమీపాన కలంగల్ గ్రామంలో, తెలుగు మాతృభాషగా గల రైతు కుటుంబంలో 1893 మార్చి 23న గోపాలస్వామి దొరస్వామి నాయుడు జన్మించారు. బడి చదువు ప్రాథమిక దశలోనే ఆగిపోయింది.

యౌవనంలో ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలు ఆయన మనస్సును ఆకర్షించింది. కోయంబత్తూరులో హోటలు సర్వరుగా పనిచేసి, కూడబెట్టిన సొమ్ముతో ఆ బండిని కొన్నారు. కొన్న వెంటనే దానిని భాగభాగాలుగా విప్పి, ఏది దేనిని కదిలిస్తున్నదో పరిశీలించి, తిరిగి బిగించారు. బిగింపు కుదరకుంటే ఏండ్ల కష్టార్జితం ఇనుపముక్కల కుప్పగా మిగిలేది. ఆ సాహసమే ఆయనకు పాఠశాల అయింది.

1920లో పొల్లాచి, పళనిల నడుమ ఒక బస్సును స్వయంగా నడుపుతూ రవాణా వ్యాపారం ప్రారంభించారు. విప్పి తెలుసుకొన్న విద్య క్రమంగా నిర్మించే విద్యగా ఎదిగింది. బ్యాటరీతో పనిచేసే క్షౌరయంత్రాన్ని రూపొందించారు. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి స్వదేశంలోనే విద్యుత్ మోటారును తయారుచేశారు. 1945లో కోయంబత్తూరులో సాంకేతిక విద్యాలయ స్థాపనకు మూలపురుషులై, పుస్తకపాఠం కన్న చేతిపనికి ప్రాధాన్యం ఉండాలని వాదించారు.

1974 జనవరి 4న వారు కీర్తిశేషులైనారు. పట్టా లేకున్నా పరిశీలన, పట్టుదల ఉన్నవాడు విద్యావంతుడే అని వారి జీవితం మన బాలబాలికలకు నేర్పుతున్నది.