సెయింట్ థామస్ అక్వినాస్ - అనంతుని అన్వేషణము

ఆద్యంతరహితుడగు భగవంతుని, పుట్టి గిట్టెడి మానవుడు తన అల్పబుద్ధితో తెలిసికొనగలడా? ఈ ప్రశ్న ఏ ఒక్క మతమునకో చెందినది కాదు. క్రైస్తవ లోకమున దీనిని జీవితమంతయు విచారించి, సమాధానమును శాస్త్రరీతిని సమకూర్చి, తుదకు లేఖినిని ప్రక్కన నుంచి మౌనమును వరించిన మహనీయుడు సెయింట్ థామస్ అక్వినాస్.

ఆయన సుమారు 1225వ సంవత్సరమున ఇటలీ దేశమందు, రోమునకును నేపుల్సునకును నడుమనున్న రొక్కసెక్కా కోటలో జన్మించెను. వారిది అక్వినో ప్రభువంశము. ఐదేండ్ల ప్రాయమున తలిదండ్రులు బాలుని సమీపమందలి మాంటె కసీనో మఠమున విద్యకై విడిచిరి. ప్రాచీనమును ప్రఖ్యాతమునగు ఆ మఠమునకు తమ కుమారుడొకనాడు అధిపతి కావలెనని వారి కోరిక. బాలుని చింత వేరు. దేవుడనగా నేమియని అతడు తన గురువులను మాటిమాటికి అడుగుచుండెడివాడని పూర్వులు చెప్పుదురు.

1239లో థామస్ నేపుల్సు విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. గ్రీకు తత్త్వవేత్తయగు అరిస్టాటిలు గ్రంథముల పరిచయము ఆయనకు అచ్చటనే కలిగెను. సెయింట్ డొమినిక్ స్థాపించిన భిక్షుసంఘము కూడ ఆయన నాకర్షించెను. ఆ సంఘమువారికి సంపదలు లేవు. భిక్షాన్నముతో జీవించుచు బోధించుటయే వారి వృత్తి. 1244లో థామస్ వారిలో చేరగా ప్రభుకుటుంబము దానిని అవమానముగా భావించెను. సోదరులు ఆయనను దారిలో పట్టుకొని తమ కోటలో సుమారొక సంవత్సరము నిర్బంధించిరి. అనునయములుగాని, బెదరింపులుగాని ఆయన సంకల్పమును మార్పలేకపోయెను. ఆ కాలమును ఆయన బైబిలు పఠనముతో గడపెను. తుదకు వారే ఆయనను విడిచిపెట్టిరి.

అనంతరము పారిసునందును, జర్మనీలోని కొలోనునందును ఆల్బర్టు అను మహాపండితుని సన్నిధిని విద్యాభ్యాసము జరిగెను. థామస్ స్థూలకాయుడు, మితభాషి. సహపాఠులు ఆయనను మూగ ఎద్దని పరిహసించిరి. ఆ ఎద్దు రంకె ఒకనాడు లోకమంతయు వినబడగలదని గురువు చెప్పెనట. 1256లో ఆయన పారిసు విశ్వవిద్యాలయమున దైవశాస్త్రాచార్యుడయ్యెను.

ఆ నగరమున పైప్రశ్న పండితుల వినోదము కాదు. దేవుని నిజస్వరూపమును మానవులుగాని దేవదూతలుగాని పరలోకమునందైనను చూడజాలరను బోధను 1241లో అచ్చటి బిషప్పు నిషేధించియుండెను. గ్రీకు భాషలో వ్రాసిన పూర్వాచార్యులు పలువురు దేవుడు బుద్ధికి అతీతుడని చెప్పియుండిరి. నిర్మలహృదయులకు దైవదర్శనము కలుగునని క్రీస్తు చేసిన వాగ్దానమో, భక్తులకు ప్రాణాధారము. ఈ రెంటిని పొసగించుట ఎట్లు? మొదటిదానినే పట్టుకొన్నచో భక్తుని ఆశకు ఆధారము లేదు. రెండవదానినే పట్టుకొన్నచో దేవుడు మానవబుద్ధికి లోబడిన వస్తువులలో నొకటి యగును.

థామస్ మొదట మానవుని పరిమితిని అంగీకరించెను. మన జ్ఞానము ఇంద్రియములతో ప్రారంభమగును. సృష్టిని పరిశీలించి, దానికి మూలకారణమొకటి కలదని బుద్ధి నిర్ణయింపగలదు. ఇందుకు ఆయన ఐదు మార్గములను చూపెను. అయినను కార్యము కారణమునకు సాటిరానప్పుడు, దానినిబట్టి కారణముయొక్క ఉనికి తెలియునేకాని స్వరూపము తెలియదు. దేవుడు శరీరి కాడు, అవయవములు కలవాడు కాడు, మార్పు చెందడు, కాలమునకు లోబడడు. ఇట్లు ఆయన ఏది కాడో తెలిసికొనుచు పోవుటయే ఈ జన్మమున బుద్ధికి సాధ్యమని థామస్ తన మహాగ్రంథమగు 'సుమ్మా థియోలోజియే' తొలి భాగముననే స్పష్టము చేసెను.

అట్లయినచో దేవుడు మంచివాడు, జ్ఞాని అను మాటలు వ్యర్థములా? యూదాచార్యుడగు మైమోనిడీసు అట్టి మాటలకు నిషేధార్థమునే ఒప్పుకొనెను. థామస్ ఇందుకు సమ్మతింపలేదు. లాటిను వాడుకలో ఆరోగ్యముగల దేహమునకును, ఆరోగ్యమునిచ్చు ఔషధమునకును ఒకే విశేషణము చెల్లును. ఆ రెండుచోట్ల అర్థము ఒక్కటి కాదు. బొత్తిగా వేరును కాదు. అట్లే జీవులయందలి మంచితనము దేవునినుండి వచ్చినదగుటచే, ఆ మాట దేవునియందు నిజముగనే వర్తించును. ఆయనయందు అది ఏ రీతిని ఉన్నదో మాత్రము మన ఊహకు అందదు.

పరలోకమందలి దర్శనమును గూర్చియు ఆయన ఇట్లే సూక్ష్మముగ విచారించెను. సూర్యుడు అందరికంటె ప్రకాశవంతుడు. గబ్బిలము అతనిని చూడలేదు. లోపము సూర్యునియందు లేదు. ఆ వెలుగు దాని కన్నులకు మించినది. దేవుడును అట్లే పరమజ్ఞేయుడయ్యు మన బుద్ధికి మించియున్నాడు. మూలకారణమును తెలిసికొనవలెనను తృష్ణ మానవునికి సహజమైనది. అది ఎన్నటికిని తీరనిచో సృష్టియే వ్యర్థమగును. కావున దేవుడే తన వెలుగును ప్రసాదించి, జీవుని బుద్ధిని తన దర్శనమునకు అర్హముగ చేయును. అప్పుడైనను చూచుట వేరు, పూర్తిగా గ్రహించుట వేరు. ధన్యులు దేవుని సంపూర్ణునిగనే చూతురు. కాని ఎంతవరకు తెలియదగినవాడో అంతవరకు ఆయనను ఏ సృష్టజీవియు తెలిసికొనజాలదు. సాంతమగు బుద్ధి అనంతుని చేరగలదు, కొలువలేదు.

ఈ మహాతార్కికుడు ప్రేమకు ఇచ్చిన స్థానము గమనింపదగినది. బుద్ధి తాను తెలిసికొనుదానిని తన పరిమాణమునకు కుదించుకొనును. ప్రేమ అట్లు కాక, ప్రియవస్తువు ఉన్నచోటికే తానుపోవును. కావున ఈ లోకమున దేవుని తెలిసికొనుటకంటె ప్రేమించుటయే మేలని ఆయన సిద్ధాంతము. ఆయన నడవడియు దీనికి తగినట్లే యుండెను. కఠినమగు విషయము ఎదురైనప్పుడెల్ల ఉపవాసముతోడను, కన్నీటితోడను ప్రార్థించి, పిమ్మట వ్రాయుటకు కూర్చుండెడివాడని చెప్పుదురు.

1272లో ఆయన నేపుల్సునకు తిరిగివచ్చి, సుమ్మా మూడవ భాగమును వ్రాయుచుండెను. 1273 డిసెంబరు 6వ తేదీని, సెయింట్ నికొలస్ పండుగనాడు, పూజ నెరవేర్చుచుండగా ఆయనకు ఏదో అపూర్వానుభవము కలిగెను. ఆనాటినుండి గ్రంథరచన మానెను. ఆంతరంగికుడగు రెజినాల్డు ఎంత వేడినను లేఖిని పట్టలేదు. తనకు గోచరించినదానితో పోల్చగా తాను వ్రాసినదంతయు గడ్డిపోచవలె తోచుచున్నదని మాత్రము తెలిపెనట.

కొలది వారములలోనే పోపు ఆజ్ఞపై లియోను మహాసభకు బయలుదేరెను. మార్గమధ్యమున జబ్బుపడి, ఫొస్సనోవా మఠమును చేరి, 1274 మార్చి 7న దేహము చాలించెను. సరిగా మూడేండ్లకు, 1277లో అదే తేదీని, పారిసు బిషప్పు 219 సిద్ధాంతములను ఖండింపగా, వానిలో కొన్ని థామస్ బోధలను కూడ తాకెను. కాలము ఆ తీర్పును మార్చెను. 1323లో ఇరువది రెండవ జాన్ పోపు ఆయనను పునీతునిగ ప్రకటించెను. 1567లో ఆయనకు క్రైస్తవ సంఘాచార్య పదవి లభించెను.

ఉపనిషత్తులందలి నేతి మార్గము నెరిగినవారికి ఈ చరిత్ర పరాయిదిగ తోచదు. సముద్రపు లోతును కొలువబోయి కరగిపోయిన ఉప్పుబొమ్మను గూర్చి శ్రీరామకృష్ణులు చెప్పిన కథయు ఇచట స్మరణకు వచ్చును. అయినను భేదమును మరుగుపరచరాదు. థామస్ మతమున జీవుడు దేవునిలో లీనమై పోడు. దేవుని వెలుగుచే దేవుని చూచుచు, జీవుడుగనే నిలుచును.

ఆయన మౌనము పూర్వపు రచనలను త్రోసిపుచ్చినదని తలంపరాదు. మాటలు అనంతుని దిక్కు చూపగలవేకాని ఆయనను ఇముడ్చుకొనలేవని ఆ రచనలే ఘోషించుచున్నవి. సుమ్మాలోని మిగిలిన భాగమును శిష్యులు ఆయన తొలి రచనలనుండి కూర్చి పూరించిరి. ఆయన స్వయముగ వ్రాసినది మాత్రము పశ్చాత్తాప సంస్కారమును గూర్చిన ప్రకరణము నడుమనే ఆగిపోయినది. దేవుడనగా నేమియని బాల్యమున అడిగిన ప్రశ్నకు ఆయన జీవితమంతయు సమాధానము వెదకెను. అది లభించిన దినమున దానిని వ్రాయుటకు ఆయనకు మాటలు చాలలేదు.