గెలీలియో చరిత్రము

గెలీలియో యనఁగానే మన బాలురు పీసా నగరమందలి యొరగిన గోపురమును, దానిపైనుండి యొక్కమాఱు విడువఁబడిన రెండు గుండ్లను దలంతురు. ఆ కథను వ్రాసినవాఁడు ఆతని శిష్యుఁడు వివియానీ. ఆ గోపురముమీఁద అందఱి యెదుట నట్టి పరీక్ష చేసితినని గెలీలియో తన గ్రంథములలో నెచ్చటను జెప్పుకొనలేదు. ఆతని కీర్తికి గోపుర మక్కఱలేదని మా యభిప్రాయము. ఒక కొయ్యదూలమును, ఒక కంచుగుండును జాలును.

ఇతఁడు 1564వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీని ఇటలీదేశమందలి పీసాలో జన్మించెను. తండ్రి విన్సెంజో సంగీతవిద్వాంసుఁడు. కుమారుని వైద్యునిఁ జేయఁగోరి 1581లో విశ్వవిద్యాలయమునకుఁ బంపెను. కాని బాలునకు గణితమునందే మక్కువ. పట్టము పుచ్చుకొనకయే 1585లో వెలికి వచ్చినను, 1589లో అక్కడనే గణితోపాధ్యాయుఁడయ్యెను. 1592 మొదలు 1610 వఱకు పాడువాలో బోధించెను. జీతము చాలక యింటిలో శిష్యులను నిలుపుకొని వేఱుగఁ బాఠములు చెప్పుచుండెనఁట! ఉపాధ్యాయులమైన మాకు ఈ సంగతి మిక్కిలి సన్నిహితముగాఁ దోఁచుచున్నది.

కదలు వస్తువునకుఁ గదలించు బల మెల్లప్పుడు నుండవలెనని ఆ కాలపు పండితులు అరిస్టాటిలు ననుసరించి నమ్మిరి. ఎద్దులు లాగుట మానినచో బండి నిలిచిపోవును గదా! మా తరగతులలోఁ బెక్కుమంది విద్యార్థులు నేఁడును ఇట్లే తలంతురు. వారిని నిందింపరాదు; సుమారు రెండువేల యేండ్లు మహాపండితులే అట్లు తలంచిరి.

గెలీలియో పండ్రెండు మూరల దూలమునందు నిడుపైన గాడి తీయించి, దానికి నున్నని చర్మపత్రము నంటించి, యొక కొనను బైకెత్తి కంచుగుండును దొర్లించెను. క్షణములను లెక్కించు గడియారములు నాఁడు లేవు. పెద్దపాత్రనుండి సన్నని గొట్టముగుండఁ గాఱిన నీటిని దూఁచి కాలమును గణించెను. కాలము రెండింతలైనచో గుండు పోయిన దూరము నాలుగింతలు, మూఁడింతలైనచోఁ దొమ్మిదింతలు. ఈ పరీక్షను నూఱుమాఱులు చేసితినని వ్రాసెను. మా విద్యార్థులు మూఁడుమాఱులకే విసిగెదరు!

అటుపిమ్మట నాతఁ డిట్లూహించెను. ఒక వాలునుండి దిగిన గుండు ఎదుటి వాలుపై నించుమించుగా మొదటి యెత్తు వఱకు నెక్కును. ఎదుటి వాలును దగ్గించినకొలఁది ఆ యెత్తు నందుకొనుటకు మఱింత దూరము పోవలయును. వాలే లేక సమతలమైనచో? ఆ యెత్తు ఎన్నఁటికిని అందదు. కావున అడ్డేమియు లేనిచో గుండు ఆఁగక పోవుచునే యుండవలయును. బండిని నిలుపునది ఎద్దులు లాగకపోవుట గాదు, నేలయు నిరుసును గలిగించు ఘర్షణము. బలము కావలసినది చలనము నిలుపుకొనుటకుఁ గాదు, దానిని మార్చుటకే.

భూమి తిరుగుచున్నచో గోపురమునుండి విడిచిన రాయి వెనుకఁబడవలదా యని పలువు రాక్షేపించిరి. నిలుకడగాఁ బోవు నోడలో స్తంభాగ్రమునుండి విడిచిన రాయి స్తంభము మొదటనే పడునని గెలీలియో సమాధానము చెప్పెను. ఫ్రాన్సుదేశీయుఁడు గస్సెందీ 1640లో మార్సేల్సు రేవునొద్ద దానిని నిజముగాఁ జేసి చూపెను. సమవేగముతోఁ బోవు రైలులో కాసు నెగురవేసి చూచిన బాలురకు ఇందు వింత తోఁపదు.

ఈ వాదములుగల సంభాషణ గ్రంథము 1632లో వెలువడెను. మఱుసటి యేఁట రోమునగరమున విచారణ జరిగెను. 1633 జూను 22వ తేదీని, అఱువదితొమ్మిదేండ్ల వృద్ధుఁడు, మోఁకరించి, భూమి చలించునను మతమును విసర్జించితినని పలికెను. ఇందుకుఁ గొందఱాతనిని బిఱికివాఁడందురు; మేమట్లనఁజాలము. శేషజీవితము గృహబంధనమందే గడచెను. ఆతనికిఁ బ్రాణమైన పెద్దకూఁతురు, సన్న్యాసిని మరియా చెలెస్తె, 1634లో మరణించెను. పిదపఁ జూపును బోయెను. ఇన్నింటి నడుమ, ఖగోళమును విడిచి, యౌవనమునాఁటి దూలమును గుండును మరల దలంచుకొని, చలనశాస్త్ర గ్రంథమును ముగించెను. అది ఇటలీలోఁ గాక 1638లో హాలెండుదేశపు లైడెనునందు అచ్చయ్యెను. 1642 జనవరి 8వ తేదీని ఆతఁడు పరమపదించెను. నాఁటి న్యాయాధిపతులు పొరపడిరని 1992లో రెండవ జాన్‌పాలు పోపు అంగీకరించెను.

ఒక్కమాట చెప్పవలసియున్నది. గెలీలియో భావించిన యెడతెగని చలనము భూగోళము ననుసరించి వంగునది. అది సరళరేఖలో సాగునని స్పష్టపఱచినవాఁడు డెకార్టు. దానిని 1687లో న్యూటను తన మొదటి సూత్రముగా నిలిపెను. మన విద్యార్థులు పరీక్షలో జడత్వసూత్రమని వ్రాయునది యిదియే.