మైదానం నుంచి కుర్చీకి: ఫీల్డింగ్ యోస్ట్ జీవితం

మన పిల్లలు అనేకమంది అమెరికాలో స్థిరపడ్డారు. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్నవారూ తక్కువేమీ కాదు. అక్కడికి వెళ్ళి వచ్చిన మన సభ్యులు ఆన్ ఆర్బర్‌లోని మిచిగాన్ విశ్వవిద్యాలయపు స్టేడియంను చూసే ఉంటారు. లక్షమందికి పైగా కూర్చుని ఆట చూసే ఆ కట్టడం వెనుక ఒక మనిషి పట్టుదల ఉన్నది. ఆయనే ఫీల్డింగ్ యోస్ట్. ఆటగాళ్ళకు శిక్షణ ఇచ్చిన కోచ్‌ను అదే విద్యాసంస్థలో క్రీడా విభాగానికి డైరెక్టరుగా కూర్చోబెట్టడం అమెరికా కళాశాలల్లో పాత ఆనవాయితీ. ఆ దారిలో నడిచినవారిలో యోస్ట్ ముఖ్యుడు.

యోస్ట్ 1871 ఏప్రిల్ 30న వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని ఫెయిర్‌వ్యూలో జన్మించారు. తండ్రి అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణ రాష్ట్రాల పక్షాన పోరాడిన సైనికుడు. కుమారుడు న్యాయశాస్త్రం చదివి 1897లో పట్టా పుచ్చుకున్నారు. కాని నల్లకోటు వేసుకోలేదు, ఫుట్‌బాల్ కోచ్ అయ్యారు. ఇది మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతబట్టుకుని ఎదుటివారిని తోసుకుంటూ పరుగెత్తే ఆట.

మొదటి నాలుగేళ్ళూ నాలుగు కళాశాలల్లో పనిచేశారు. మన భాషలో చెప్పాలంటే ఏటేటా బదిలీయే. 1900లో స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా, ఇకపై తమ పూర్వ విద్యార్థులే కోచ్‌లుగా ఉండాలని ఆ సంస్థ నిబంధన పెట్టింది. దానితో ఆయన ఉద్యోగం పోయింది. 1901లో మిచిగాన్ ఆయనను పిలిచింది.

ఆ ఏడాది మిచిగాన్ జట్టు 550 పాయింట్లు సాధించి, ఎదుటి జట్లకు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. 1902 జనవరి 1న కాలిఫోర్నియాలో జరిగిన మొట్టమొదటి రోజ్ బౌల్ పోటీలో ఎదురుపడినది తనను వద్దనుకున్న స్టాన్‌ఫర్డే. ఫలితం 49–0. ఇంకా సమయం మిగిలి ఉండగానే స్టాన్‌ఫర్డ్ వారు ఆట చాలించారు. 1905 చివరలో షికాగో జట్టు 2–0తో ఓడించేవరకు, వరుసగా 56 ఆటలలో మిచిగాన్‌కు ఓటమి లేదు. ఆటగాళ్ళను నిలువనీయక తొందరపెట్టడం వలన ఆయనకు 'హర్రీ అప్' యోస్ట్ అని పేరు వచ్చింది.

1921లో క్రీడా విభాగం డైరెక్టరు పదవి ఆయనకు లభించింది. అప్పటినుంచి ఆయన చేతికి ఎస్టిమేట్లు, ప్లాన్లు, లెక్కల పుస్తకాలు వచ్చాయి. మైదానంలో ఎంత తొందర మనిషో ఫైళ్ళ దగ్గర అంత ఓర్పు చూపారు. 1923లో లోపల ఆడుకునే పెద్ద ఫీల్డ్ హౌస్ కట్టారు. దానికి ఆయన పేరే పెట్టారు. తరువాత కొత్త స్టేడియం ప్రతిపాదన పెడితే, ఆటల మోజులో చదువు వెనకబడుతుందని అధ్యాపకులు అభ్యంతరం చెప్పారు. విషయం కమిటీకి వెళ్ళింది. చివరికి 1926లో మంజూరు వచ్చింది.

ప్రభుత్వ ఖజానా నుంచి సొమ్ము అడగలేదు. ఒక్కొక్కటి 500 డాలర్ల చొప్పున 3,000 బాండ్లు అమ్మారు. కొన్నవారికి టిక్కెట్ల హామీ ఇచ్చారు. పల్లపు నేల, నీటి ఊట ఇబ్బంది పెట్టినా పని ఆగలేదు. స్టేడియంలో ఎక్కువ భాగం భూమట్టానికి దిగువనే ఉంటుంది. 1927లో 72,000 మందికి సరిపడేలా తెరిచారు. కాని ముందుముందు లక్షకు పైగా పట్టేలా పునాదులు వేయించారు. 1956లో కూర్చునే చోటు లక్ష దాటింది. ఆ రోజు చూడడానికి ఆయన లేరు.

చాంపియన్ల కోసమే కాక మామూలు విద్యార్థులందరూ ఆడుకోవడానికి 1928లో ప్రత్యేక భవనం కట్టించారు. ఆడపిల్లల క్రీడలకూ అదే ఏడాది భవనం లేచింది.

ఇంతవరకు చెప్పి ఆపితే ఇది సన్మానపత్రం అవుతుంది. సర్వీసు రిజిస్టరులో మంచి ఎంట్రీలతోపాటు ప్రతికూల వ్యాఖ్యలూ ఉంటాయని మనకు తెలియనిది కాదు. యోస్ట్ కోచ్‌గా ఉన్నంతకాలం మిచిగాన్ ఫుట్‌బాల్ జట్టులో నల్లజాతి యువకుడు లేడు. 1932లో విల్లిస్ వార్డ్ వచ్చాడు. 1934 అక్టోబరు 20న దక్షిణాదికి చెందిన జార్జియా టెక్ జట్టుతో ఆట పెట్టారు. నల్లవాడు దిగితే తాము ఆడబోమని వారు ముందే చెప్పారు. విద్యార్థులు సభలు పెట్టి నిరసన తెలిపారు. అయినా యోస్ట్ యంత్రాంగం తలవంచింది. వార్డ్‌ను మైదానం అంచుకు కూడా రానీయలేదు. అతని సహ ఆటగాడు జెరాల్డ్ ఫోర్డ్ జట్టు విడిచిపోవాలా అని మథనపడ్డాడు. 1974లో అమెరికా అధ్యక్షుడైన ఫోర్డ్ ఇతడే. మిచిగాన్ ఆ ఆట 9–2తో గెలిచింది. ఆ సీజను మొత్తంమీద వారికి దక్కిన గెలుపు అదొక్కటే.

1935 మార్చిలో యోస్ట్ పేరు పెట్టుకున్న ఆ ఫీల్డ్ హౌస్‌లోనే వార్డ్ 60 గజాల పరుగులో జెస్సీ ఓవెన్స్‌ను ఓడించాడు. మరుసటి ఏడాది బెర్లిన్ ఒలింపిక్స్‌లో నాలుగు బంగారు పతకాలు గెలిచిన ఓవెన్సే ఇతడు. వార్డ్ తరువాత న్యాయవాదియై, న్యాయమూర్తి కూడా అయ్యాడు.

కోచ్ నిర్ణయం తప్పితే ఒక ఆట పోతుంది. కుర్చీలో ఉన్నవాని నిర్ణయం తప్పితే ఒక మనిషి భవిష్యత్తుకు గాయమవుతుంది. ఏళ్ళ తరబడి ఫైళ్ళు నడిపిన మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు. మనం వ్రాసిన నోటు ఎవరి ఇంట దీపం పెట్టిందో, ఎవరి ఇంట ఆర్పిందో ఒక్కొక్కసారి మనకే తెలియకుండా పోయింది.

1941లో యోస్ట్ స్థానంలోకి ఫ్రిట్జ్ క్రిస్లర్ వచ్చారు. ఆయనా అక్కడి కోచే. యోస్ట్ 1946 ఆగస్టు 20న తన 75వ ఏట ఆన్ ఆర్బర్‌లోనే కన్నుమూశారు. పిల్లల దగ్గరకు వెళ్ళే మన సభ్యులు ఆ స్టేడియం చూసినప్పుడు మనవలకు యోస్ట్ కట్టిన పునాదుల సంగతి చెప్పండి. విల్లిస్ వార్డ్ సంగతి కూడా చెప్పండి. రెండూ తెలిసిన పిల్లలు రేపు ఏ కుర్చీలో కూర్చున్నా, సంతకం పెట్టేముందు ఎదుటి మనిషిని ఒకసారి తలచుకుంటారు.