బందరు తుఫాను, పంతొమ్మిదేళ్ల కుర్రాడు

స్కూల్లో రాబిన్సన్ క్రూసో చదివాను. ఆ కథకి మన బందరుతో లింకుందని మొన్నే తెలిసింది!

1659 నవంబరులో మచిలీపట్నం దగ్గర లంగరేసిన ఆన్ అనే ఇంగ్లిష్ ఓడ తుఫానులో చిక్కుకుంది. ఓడని కాపాడుకోడానికి పెద్ద తెరచాప స్తంభం నరికేశారు. రిపేరుకి శ్రీలంక వెళ్తే, కాండీ రాజు మనుషులు కెప్టెన్‌నీ, కొడుకు రాబర్ట్ నాక్స్‌నీ పట్టుకున్నారు. నాక్స్‌కి అప్పుడు 19, నా వయసే. 1661లో తండ్రి జ్వరంతో పోయాడు. తనే గొయ్యి తవ్వాడు. టోపీలు అల్లి అమ్ముకుని, వడ్లు అప్పులిచ్చి బతికాడు. 1679లో ఒక తోటి ఖైదీతో అడవిదారిన డచ్ కోటకి పారిపోయాడు. 1681లో లండన్‌లో వచ్చిన అతని పుస్తకం క్రూసోకి ఒక ఆధారమంటారు. 1720లో చనిపోయాడు.

పంతొమ్మిదేళ్ల బందీ! నాకు మాత్రం ఆ టోపీలే గుర్తుండిపోయాయి. హాస్టల్లో దిగులేసినప్పుడల్లా, ఇవాళ నేనేం అల్లాను అని అడుగుతున్నా.